పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టే క్యాబినెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల లాంటి ఊళ్లలో ఇప్పుడు పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కొనేది గేమ్స్ ఆడే కుర్రాళ్లు మాత్రమే కాదు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లు, ఆల్బమ్ డిజైనర్లు, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపి నేర్చుకుంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా కొంటున్నారు. కార్డు మీద అంత డబ్బు పెట్టినవాళ్లు క్యాబినెట్ దగ్గరికి వచ్చేసరికి "డబ్బానే కదా" అని చేతికి దొరికింది తెచ్చుకుంటారు. ఇంటికొచ్చాక కార్డు పట్టదు. పట్టినా పక్క అద్దం మూసుకోదు. మూసుకున్నా మే నెలలో లోపల గాలి ఆడక కార్డు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది.

మనవైపు వాళ్లకు అందుబాటులో ఉన్న పెద్ద కంప్యూటర్ మార్కెట్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు. కొన్న క్యాబినెట్ సరిపోకపోతే అంత పెద్ద పెట్టెను మళ్లీ బస్సెక్కించి తీసుకెళ్లాలి, దుకాణం వాళ్లు వెనక్కి తీసుకుంటారన్న నమ్మకం కూడా లేదు. అందుకే బయల్దేరే ముందే కాగితం, టేపు పట్టుకుని కూర్చోండి. క్యాబినెట్ బయటికి ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది మర్చిపోండి. కార్డు చుట్టూ ఎంత జాగా మిగులుతుంది, ఆ జాగాలోకి గాలి ఎటు నుంచి వస్తుంది అన్న రెండే ప్రశ్నలు చివరిదాకా గుర్తుంచుకోండి.

1. ముందు కార్డు పూర్తి పేరు రాసుకోండి

"ఆర్‌టీఎక్స్ 4090" అని రాసుకుంటే సరిపోదు. చిప్ ఎన్విడియాదే అయినా దాని మీద కూలర్ బిగించిన కంపెనీని బట్టి కార్డు సైజు మారిపోతుంది. ఎన్విడియా సొంతంగా అమ్మిన 4090 ఫౌండర్స్ ఎడిషన్ పొడవు 304 మిల్లీమీటర్లు, వెడల్పు 137, మందం మూడు స్లాట్లు (స్లాట్ అంటే మదర్‌బోర్డ్‌లో కార్డు గుచ్చే చోటు). అదే చిప్‌తో వచ్చిన గిగాబైట్ గేమింగ్ ఓసీ పొడవు 340, వెడల్పు 150, మందం 75 మిల్లీమీటర్లు. ఆసుస్ ఆర్‌ఓజీ స్ట్రిక్స్ అయితే పొడవు దాదాపు 358, వెడల్పు 149, మందం 70. ఒకే చిప్ ఉన్న కార్డుల మధ్య ఐదు సెంటీమీటర్లకు పైగా తేడా అన్నమాట.

కాబట్టి కంపెనీ పేరు, మోడల్ పేరు, చివర ఉండే ఓసీ, ఎక్స్, ట్రయో లాంటి తోకలతో సహా రాసుకుని, ఆ కంపెనీ సైట్‌లోనే కొలతలు చూడండి. అమ్మకాల సైట్లలో ఇచ్చే కొలతలను నమ్మకండి, అక్కడ చాలాసార్లు కార్డు కొలతలకు బదులు అట్టపెట్టె కొలతలు ఉంటాయి.

మూడు అంకెలు కావాలి. పొడవు అంటే క్యాబినెట్ వెనక నుంచి ముందు ఫ్యాన్ల వైపు వచ్చేది. వెడల్పు అంటే మదర్‌బోర్డ్ నుంచి పక్క అద్దం వైపు వచ్చేది, కొన్ని కంపెనీలు దీన్నే ఎత్తు అని రాస్తాయి. మందం అంటే ఎన్ని స్లాట్లు ఆక్రమిస్తుందన్నది. వీటితో పాటు కార్డు ఎన్ని వాట్లు తింటుందో కూడా రాసుకోండి. 4090కి 450 వాట్లు, 5080కి 360, 5070 టీఐకి 300. సైజు తగ్గితే వేడి తగ్గుతుందనుకోకండి. 5090 ఫౌండర్స్ ఎడిషన్ రెండు స్లాట్ల మందమే, కానీ 575 వాట్లు తింటుంది.

2. పొడవు: ముందు ఏం బిగిస్తారో అది తీసేసి లెక్కించండి

ప్రతి క్యాబినెట్ వివరాల్లోనూ జీపీయూ క్లియరెన్స్, అంటే ఎంత పొడవు గ్రాఫిక్స్ కార్డు పడుతుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కొన్ని కంపెనీలు ఆ అంకెను ముందు ఫ్యాన్లు ఉండగా కొలిచి ఇస్తాయి, కొన్ని ఖాళీ డబ్బాలో కొలిచి ఇస్తాయి. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు. ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ పెట్టి దాని రేడియేటర్‌ను (వేడిని గాలిలోకి వదిలే పలకను) ముందు బిగిస్తే ఇంకో 27 పోతాయి. కొన్ని రేడియేటర్లు 38 దాకా ఉంటాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. ఫ్రాక్టల్ నార్త్ క్యాబినెట్‌లో ముందు ఫ్యాన్ ఉండగా 355 మిల్లీమీటర్ల కార్డు పడుతుందని కంపెనీ చెబుతుంది. ముందు 27 మిల్లీమీటర్ల రేడియేటర్ కూడా పెట్టారనుకోండి, 328 మిగులుతాయి. 304 ఉన్న ఫౌండర్స్ ఎడిషన్ హాయిగా పడుతుంది. 340 ఉన్న గిగాబైట్ పట్టదు. కార్డు మీద మనసు పడితే రేడియేటర్‌ను పైకి మార్చాలి, లేదా ప్రాసెసర్‌కు ఎయిర్ కూలర్ పెట్టుకోవాలి. ఇంకో దారి 392 మిల్లీమీటర్లు ఇచ్చే లియాన్ లీ లాన్‌కూల్ 216 లాంటి పెద్ద క్యాబినెట్‌కు వెళ్లడం.

అంకె అంకెకు సరిగ్గా సరిపోతే చాలనుకోవద్దు. కార్డును నేరుగా తోసి పెట్టలేం, కాస్త వాల్చి వెనక బ్రాకెట్‌ను దాని గాడిలో దింపి అప్పుడు స్లాట్‌లోకి నొక్కాలి. అందుకు చెయ్యి ఆడాలి. అన్నీ తీసేశాక కనీసం 15 నుంచి 20 మిల్లీమీటర్లు మిగిలేలా చూసుకోండి.

పాత క్యాబినెట్‌లోనే కొత్త కార్డు పెట్టాలనుకునేవాళ్లు హార్డ్ డిస్కుల గూడు చూడండి. పాతవాటిలో కార్డుకు ఎదురుగా అడ్డం వచ్చేది అదే. స్క్రూలతో ఉంటే విప్పి పక్కన పెట్టొచ్చు. రివిట్లు కొట్టి ఉంటే డ్రిల్లింగ్ చేసి తీయాలి. ఇనుప రజను మదర్‌బోర్డ్ మీద పడితే షార్ట్ అవుతుంది కాబట్టి ఆ పని చేయాలంటే లోపలి సామాను మొత్తం బయటికి తీయాల్సిందే.

ఇంట్లో పాత క్యాబినెట్ ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. కార్డు కొలతలతో అట్టముక్కలు కత్తిరించి, టేపు అంటించి ఉత్తుత్తి కార్డు చేసుకోండి. పొడవు, వెడల్పు, మందం మూడూ సరిగ్గా ఉండాలి. దాన్ని స్లాట్ దగ్గర పెట్టి పక్క ప్యానెల్ మూసి చూడండి. అంకెల్లో కనిపించని అడ్డంకులు, అంటే పక్కకు పొడుచుకొచ్చిన సాటా కేబుల్, వంగిన ఇనుప రేకు, ముందు ఫ్యాన్ వైరు, అన్నీ అప్పుడే బయటపడతాయి.

3. వెడల్పు: కేబుల్ వంపుకు జాగా వదలండి

పొడవు చూసినవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు. కార్డు పట్టేస్తుంది, కరెంటు కేబుల్ గుచ్చాక అద్దం మూసుకోదు. బలవంతంగా మూస్తే అద్దం కేబుల్‌ను నొక్కి పెడుతుంది.

పెద్ద ఎన్విడియా కార్డులకు ఇప్పుడు వస్తున్న 16 పిన్‌ల కనెక్టర్ విషయంలో ఇది ప్రమాదం కూడా. 2022లో 4090 వచ్చిన కొత్తలో కొందరి కనెక్టర్లు కరిగిపోయాయి. పూర్తిగా లోపలికి దిగకుండా వదిలేయడం అందులో కనిపించిన సాధారణ కారణమని ఎన్విడియా చెప్పింది. తరువాత 2023లో కనెక్టర్‌లోని చిన్న పిన్‌ల పొడవు మార్చి సవరించారు. సవరించినా జాగ్రత్త మారదు. కనెక్టర్ క్లిక్‌మని కూర్చోవాలి, అక్కడి నుంచి కేబుల్ కనీసం 35 మిల్లీమీటర్లు తిన్నగా వచ్చి ఆ తరువాతే వంగాలి.

అందుకని కార్డు వెడల్పుకు 35 కలపండి. 137 ఉన్న కార్డుకు 172, 150 ఉన్న కార్డుకు 185. ఇప్పుడు క్యాబినెట్ వివరాల్లో సీపీయూ కూలర్ ఎత్తు ఎంత వరకు పడుతుందో చూడండి. అది కూడా ప్రాసెసర్ నుంచి పక్క ప్యానెల్ దాకా ఉన్న దూరమే కాబట్టి అంచనాకు బాగా పనికొస్తుంది. 160 మాత్రమే ఉన్న సన్నటి క్యాబినెట్‌లో 150 వెడల్పున్న కార్డు కేబుల్‌తో సహా ఇమడదు. 170 ఉంటే 137 కార్డుకు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. 185 దాటితే 150 కార్డుకైనా నిశ్చింత. కొన్ని కార్డుల్లో కనెక్టర్ అంచు నుంచి లోపలికి జరిగి ఉంటుంది, అప్పుడు కొంత కలిసొస్తుంది. కార్డు ఫొటోను పై నుంచి చూస్తే తెలిసిపోతుంది.

జాగా చాలక వంపు అడాప్టర్ పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. కార్డుకు, కేబుల్‌కు మధ్య అతుకు ఒకటి పెరుగుతుంది, ఇంత కరెంటు పారే చోట అది మంచిది కాదు. వేడెక్కుతున్నాయని 2024లో అమెరికాలో ఒక కంపెనీ తన వంపు అడాప్టర్లను వెనక్కి తీసుకుంది కూడా.

4. మందం: కింద ఎంత ఖాళీ మిగులుతుంది?

ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కు దూరం 20.32 మిల్లీమీటర్లు. 75 మిల్లీమీటర్ల కార్డు అంటే మూడున్నర స్లాట్లు దాటినట్టే, నాలుగు ఆక్రమిస్తుందని లెక్క. కార్డు ఫ్యాన్లు కింది వైపు చూస్తూ ఉంటాయి, అవి గాలి పీల్చుకోవడానికి కింద జాగా ఉండాలి.

మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డ్ కోసం చేసే క్యాబినెట్లలో సాధారణంగా నాలుగే స్లాట్లు ఉంటాయి. అలాంటిదాంట్లో నాలుగు స్లాట్ల కార్డు పెడితే దాని ఫ్యాన్లు కింద ఎస్‌ఎంపీఎస్‌ను (కరెంటు సరఫరా చేసే పెట్టెను) కప్పే రేకుకు ఆనుకుని తిరుగుతాయి. కార్డు పడుతుంది, గాలి అందదు. పెద్ద సైజు అయిన ఏటీఎక్స్ క్యాబినెట్‌కు ఏడు స్లాట్లు. మదర్‌బోర్డ్ మైక్రో ఏటీఎక్స్‌ది అయినా సరే, పెద్ద కార్డు ఉంటే ఏటీఎక్స్ క్యాబినెట్ తీసుకోండి. లోపల బోర్డు చిన్నగా కనిపిస్తుందని దుకాణంలో ఎవరైనా అంటారేమో. అననివ్వండి, ఆ మూడు ఖాళీ స్లాట్ల జాగాలోంచే కార్డుకు గాలి వస్తుంది.

కార్డును నిలువుగా అద్దం వైపు తిప్పి పెట్టే ఏర్పాటు చూడ్డానికి బాగుంటుంది. మందపు కార్డుకు మాత్రం ఫ్యాన్లు అద్దానికి దగ్గరై ఊపిరాడదు. మన ఎండలకు అది వద్దు.

5. గాలి: మన ఊళ్లలో అన్నిటికంటే ముఖ్యమైంది

నల్గొండలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిక్సింగ్ చేసేవాళ్లకు పని నెత్తి మీద ఉండేది కూడా వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలప్పుడే. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 38, 40 డిగ్రీలున్నప్పుడు రెండు గంటల పెళ్లి వీడియో రెండర్ అవుతుంటుంది. క్యాబినెట్ ఎంత ఖరీదైనదైనా లోపలి గాలి గదిలో గాలి కంటే చల్లగా ఉండదు. 450 వాట్ల కార్డు, 150 వాట్ల ప్రాసెసర్ కలిస్తే 600 వాట్లు, అంటే ఒక చిన్న ఇస్త్రీపెట్టెను డబ్బాలో పెట్టి గంటల తరబడి ఆన్‌లో ఉంచినట్టు. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. చాలా ఎన్విడియా కార్డులు 83, 84 డిగ్రీల దగ్గరికి వచ్చాక వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి. పైసలు పెట్టి కొన్న వేగం అక్కడే పోతుంది.

అందుకని ముందు భాగం జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి. ముందు మొత్తం అద్దమే ఉండి, పక్కన వేలు పట్టేంత సందు మాత్రమే ఉన్నవి షోరూమ్‌లో మెరుస్తాయి, మన గదుల్లో ఉడికిపోతాయి. జాలీ వెనక మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లో రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లో లోపలికి గాలి తోయాలి. వెనక ఒకటి బయటికి లాగాలి. ముందు కింది ఫ్యాన్ గాలి నేరుగా కార్డు కిందికి వెళ్తుంది కాబట్టి దాన్ని మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలకండి.

తక్కువ ధర క్యాబినెట్లలో నాలుగైదు రంగు లైట్ల ఫ్యాన్లు ఉచితంగా వస్తాయి. వాటి వైరు చివర చూడండి. చాలావాటికి మోలెక్స్ పిన్ ఉంటుంది, అంటే వేగం మన చేతిలో ఉండదు, రాత్రీ పగలూ ఒకే వేగం. మదర్‌బోర్డ్‌కు గుచ్చే మూడు లేదా నాలుగు పిన్‌ల ఫ్యాన్లు రెండున్నా వాటికంటే మేలు.

ఇక దుమ్ము. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక, బూడిద గాలిలో తేలుతూనే ఉంటాయి. రోడ్డు పక్క స్టూడియోల సంగతి చెప్పనక్కర్లేదు. బయటికి లాగే ఫ్యాన్ల కంటే లోపలికి తోసేవి ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ము పీల్చదు. ఫిల్టర్ ఉందా అన్నదాంతో ఆగకండి, అది ఎటు నుంచి ఊడొస్తుందో చూడండి. ఎస్‌ఎంపీఎస్ కింది ఫిల్టర్ కొన్నిటిలో ముందుకు లాగితే వస్తుంది, కొన్నిటిలో వెనక్కి లాగాలి. వెనక్కి లాగేది తీయాలంటే క్యాబినెట్‌ను గోడ నుంచి జరపాలి, వైర్లన్నీ పీకాలి. అలాంటి ఫిల్టర్‌ను ఎవరూ కడగరు. ముందుకు వచ్చేదే కొనండి, ఎండాకాలంలో రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

ముందూ పక్కా రెండూ అద్దాలుండే అక్వేరియం లాంటి క్యాబినెట్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. వాటిలో వెడల్పు ఎక్కువ కాబట్టి కేబుల్ వంపుకు బెంగ లేదు. అయితే గాలి కింది నుంచి, పక్క నుంచి రావాలి. ఫ్యాన్లన్నీ విడిగా కొనుక్కోవాల్సి రావొచ్చు. నేల మీద పెడితే ఇంట్లో దుమ్మంతా కిందనుంచే లాగుతుంది. తీసుకుంటే బల్ల మీదే పెట్టాలి.

గదిలో ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలకుండా చూడండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, ఒక్కోసారి తుంపర కూడా వస్తుంది.

6. ఎస్‌ఎంపీఎస్, బల్ల

పెద్ద కార్డుకు పెద్ద ఎస్‌ఎంపీఎస్ కావాలి. ఎన్విడియా 4090కి కనీసం 850 వాట్లు, 5090కి 1000 వాట్లు ఉండాలంటుంది. వాట్లు పెరిగితే దాని పొడవు కూడా పెరుగుతుంది. క్యాబినెట్ ఎంత పొడవు ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటుందో చూసి, వెనక కేబుళ్ల కోసం ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు వదలండి. ఇంట్లో వాడే 600 వీఏ యూపీఎస్ ఈ సిస్టంను మోయలేదు, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది.

మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్‌కు కింద ఒక పక్క సీపీయూ పెట్టుకునే అర ఉంటుంది. అది పాత సన్నటి క్యాబినెట్ల కాలం నాటి కొలత. కార్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో మధ్యరకం సైజు క్యాబినెట్టే, అయినా 453 మిల్లీమీటర్ల పొడవు, 230 వెడల్పు, 466 ఎత్తు. అరలో పట్టినా వెనక పలక ఉంటే వేడి గాలి అక్కడే తిరిగి మళ్లీ లోపలికి పోతుంది. అర బయట, నేల కంటే జానెడు ఎత్తులో స్టూలు మీదో బల్ల మీదో పెట్టండి. గోడకు వెనక నుంచి కనీసం అర అడుగు దూరం ఉంచండి.

7. దుకాణంలో

రాసుకున్న కాగితం తీసి అడగండి: "అన్నా, ముందట రేడియేటర్ పెడితే కార్డుకు ఎంత జాగా మిగుల్తది?" సమాధానం నోటి మాటగా ఒప్పుకోకండి. క్యాబినెట్ పక్క ప్యానెల్ తీయించి, వెనక స్లాట్ బ్రాకెట్ నుంచి ముందు ఫ్యాన్ దాకా టేపు పెట్టి మీరే కొలవండి. మంచి దుకాణదారు దీనికి విసుక్కోడు. బిల్లు మీద మోడల్ పూర్తి పేరు రాయించండి, ఒకే పేరు మీద జాలీ రకం, అద్దం రకం రెండూ ఉంటాయి.

అక్కడే సిస్టం బిగించి ఇస్తామంటే సంతోషం. ఇంటికి తెచ్చేటప్పుడు మాత్రం కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే తెచ్చుకోండి. పెద్ద కార్డులు రెండు కిలోలు దాటుతాయి. బస్సు ప్రతి గుంతలో పడ్డప్పుడల్లా ఆ బరువంతా స్లాట్ మీద పడుతుంది. అద్దం ప్యానెల్‌ను కూడా విప్పి థర్మకోల్ మధ్య పెట్టించండి.

8. బిగించాక ఒక పరీక్ష

కార్డు బిగించాక ముందు అంచు కింద ఆసరా పెట్టండి. చాలా పెద్ద కార్డులతో పెట్టెలోనే వస్తుంది. లేకపోతే విడిగా దొరుకుతుంది.

తరువాత కార్డు వేడి చూపించే జీపీయూ-జెడ్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం వేసుకోండి, రెండూ ఉచితమే. మధ్యాహ్నం వేడిలో మీ అసలు పని, అంటే రెండరింగో గేమో, అరగంట నడిపి కార్డు వేడి ఎంత దగ్గర నిలబడిందో రాసుకోండి. ఇప్పుడు పక్క ప్యానెల్ తీసేసి అదే పని మళ్లీ అరగంట నడపండి. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే క్యాబినెట్ బాగా పనిచేస్తోంది. ఏడెనిమిది డిగ్రీలు పడిపోతే లోపలికి గాలి చాలడం లేదు. ముందు ఖాళీగా ఉన్న చోట ఇంకో ఫ్యాన్ పెట్టండి, రేడియేటర్ ముందుంటే పైకి మార్చి చూడండి. మార్చుకునే గడువు ఇంకా ఉంటే జాలీ ముఖం ఉన్న క్యాబినెట్‌కు మారిపోండి.

అప్పటికీ ఎండాకాలం రెండు నెలలు వేడి దిగకపోతే ఆఫ్టర్‌బర్నర్ లాంటి ప్రోగ్రాంతో కార్డు పవర్ లిమిట్ తగ్గించుకోవచ్చు. 450 వాట్ల 4090ని 350 దగ్గర నడిపినా పనితీరు కొద్దిగానే తగ్గుతుంది, వేడి మాత్రం 100 వాట్ల మేర తగ్గుతుంది. వానలు పడ్డాక మళ్లీ పెంచుకోండి.